గోడవతల టకటక

ఆ వీధి చివరి మేడలో మూడో అంతస్తు వాటా అంటే ఇళ్ళు చూపించే బ్రోకర్లు కూడా గొంతు తగ్గించేవారు. గాలీ వెలుతురూ బాగానే ఉంటాయి. నీళ్ళకి లోటు లేదు. అయినా ఏడాదిన్నరలో నలుగురు దిగారు, నలుగురూ ఖాళీ చేసి పోయారు. ఎందుకని అడిగితే పైకి అందరూ ఒకటే మాట చెప్పారట — ఇంటర్నెట్ నిలవడం లేదని.

ఇంటర్నెట్ నిలవకపోతే ఇల్లు మారిపోతారా ఎవరైనా? అసలు సంగతి సామాను ఎక్కించేటప్పుడు వాచ్‌మన్ చెవిలో వేసి వెళ్ళారు.

రాత్రి రెండు ప్రాంతాల నెట్ పోతుంది. పోయే ముందు గోడవతల గదిలో — తాళం వేసి ఉన్న గదిలో — కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తరవాత... టకటక, టకటక. ఎవరో కూర్చుని కంప్యూటర్ మీద టైపు చేస్తున్నట్టు.

ఆ గది లెక్కల మాస్టారిది. ఒకప్పుడు ఆ అంతస్తంతా ఆయనా, భార్యా ఉండేవారు. పిల్లలు లేరు. రెండేళ్ళ కిందట ఒక రాత్రి, బడి పిల్లలు పంపిన లెక్కలు కంప్యూటర్లో దిద్దుతూ దిద్దుతూ అలాగే కుర్చీలో ఒరిగిపోయారు. మేడ సొంతదారు మాస్టారి అన్నగారే. ఆయన మరదల్ని కింది వాటాలో తమ దగ్గర ఉంచుకుని, పైన మధ్యలో గోడ కట్టించి, ముందు భాగం అద్దెకిచ్చాడు. వెనక గది, అందులో మాస్టారి సామాను ఉన్నవి ఉన్నట్టే వదిలేసి తాళం పెట్టించాడు.

ఆ ముందు భాగంలోకి ఐదో మనిషిగా దిగింది టైపమ్మ.

ఆ పేరు మేడలోవాళ్ళు పెట్టిందే. ఆమె వచ్చిన వారానికి రెండో అంతస్తువాళ్ళు వాచ్‌మన్ దగ్గరికి పోయి, “మాస్టారు ఇప్పుడు ఒంటిగంటకే మొదలుపెడుతున్నాడయ్యా, తెల్లారేదాకా ఆపట్లేదు” అని మొర పెట్టుకున్నారు. వాచ్‌మన్ ధైర్యం చేసి పైకెళ్ళి చూస్తే, కిటికీలోంచి కనపడింది — నలభై ఏళ్ళ ఆడమనిషి, చెవులకి హెడ్‌ఫోన్లు, జడ ముడేసుకుని వేళ్ళు విరిగిపోయేలా టైపు చేస్తోంది. ఆ రోజు నుంచి ఆమె టైపమ్మ అయిపోయింది. ఆమెకి తెలిసి నవ్వుకుంది కూడా. ఆమె నవ్వి అప్పటికి చాలా రోజులైంది.

ఒంటరి మనిషి. పెళ్ళయిన ఆరేళ్ళకి ఆమెకీ భర్తకీ మాటలు అయిపోయాయి. పోట్లాటలు లేవు, అలకలు లేవు — చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు, అంతే. ఒకరోజు ఇద్దరూ కూర్చుని పుస్తకాలు పంచుకుని, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

ఇప్పుడామె చేసే పని కొంచెం అరుదైనది. చెవులు వినపడని పిల్లలు క్లాసులో కూర్చుంటే, టీచరు మాట్లాడే ప్రతి మాటా అప్పటికప్పుడు టైపు చేసి వాళ్ళ తెరమీద కనపడేలా చెయ్యాలి. ఆమెకి అప్పగించిన కుర్రాడు ఏ దూర దేశంలోనో కాలేజీలో లెక్కలు చదువుతున్నాడు. వాడికి పగలు, ఈమెకి అర్ధరాత్రి. వాణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదు. కానీ రోజూ రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా వాడికి చెవులు ఆమే.

మొదటి వారం ఏ గొడవా లేదు. రెండో వారంలో, రాత్రి రెండూ ఐదుకి... హెడ్‌ఫోన్లలో టీచరు గొంతు మాట మధ్యలో తెగిపోయింది.

కంప్యూటర్ వెనక తీగ దూర్చే చోట చిన్న పచ్చ దీపం ఉంటుంది. అది ఆరిపోయింది. తీగ ఊడిందేమోనని తీసి పెట్టింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. లాభం లేదు. ఏం చెయ్యాలో తోచక హెడ్‌ఫోన్లు తీసింది.

అప్పుడు వినపడింది.

టకటక... టకటక... ఆగి, మళ్ళీ టకటక.

గోడవతల. నిదానంగా, తొందర లేని చేతి చప్పుడు. ఆమె కదిలితే అటువైపువాళ్ళకి తెలిసిపోతుందన్నట్టు ఊపిరి బిగబట్టి కూర్చుంది.

రెండూ నలభైకి పచ్చ దీపం దానంతటదే వెలిగింది. ఆ తరవాత చప్పుడు లేదు.

తెల్లారి వెలుతురు వచ్చాక ఆమెకి తన భయం మీద తనకే చిరాకేసింది. దెయ్యాలు తీగలు పీకుతాయా ఎక్కడైనా? కొత్త తీగ కొనుక్కొచ్చి మార్చింది. కంప్యూటర్ తెలిసినవాళ్ళు చెప్పినట్టు సెట్టింగులన్నీ తిరగేసింది. ఇంటర్నెట్ కంపెనీ మెకానిక్ పగలు వచ్చి అరగంట కూర్చుని, “నేను చూస్తున్నంతసేపూ బాగానే ఉంది కదండీ” అని చెప్పి పోయాడు. పగలెప్పుడూ బాగానే ఉండేది మరి. రాత్రుళ్ళు కూడా కొన్ని బాగానే గడిచేవి. రెండు రోజులు ఏమీ జరక్కుండా ఉండి, అమ్మయ్య అనుకునేసరికి మూడో రోజు పోయేది. ఒకసారి రెండింటికి, ఒకసారి రెండుంపావుకి. అరగంట, ముప్పావుగంట. ఆమె ఒక నోటుపుస్తకంలో టైములు రాసుకుంది గానీ వాటిల్లో ఏ వరసా దొరకలేదు.

ఆమె తీగ గోడ కింద కన్నంలోంచి వెనక గదిలోకి వెళ్తుంది. మోడెం అక్కడే, మాస్టారి బల్ల మీదే ఉంది. ఒకసారి చూస్తానని ఇంటాయన్ని — మాస్టారి అన్నగారిని — అడిగితే ఆయన మొహం ముడుచుకుపోయింది.

“అది కదిలించకమ్మా. పిడుగుపాటుకి దానికి తీగలు దూర్చే కన్నాలన్నీ కాలిపోయి ఒక్కటే మిగిలింది. ముట్టుకుంటే అదీ పోతుంది” అన్నాడు. అని, ఆగి — “అయినా ఆ గది తాళంచెవి ఎక్కడ పెట్టానో కనపడట్లేదు” అన్నాడు.

ఈలోపు ఆమె పని ఇచ్చిన కంపెనీనుంచి ఒక హెచ్చరిక వచ్చింది. పది రోజులకి ఇంకోటి. ‘మీ లైను పనివేళలో ఆగిపోతున్నట్టు మా యంత్రంలో నమోదైంది. మూడోసారి జరిగితే పని నిలిపివేస్తాం.’

ఆ కుర్రాడు మాత్రం ఒక్క ఫిర్యాదూ పెట్టలేదు. మంచివాడు కాబట్టి ఊరుకుంటున్నాడనుకుంది. అలా అనుకుంటే మరీ బాధేసేది. క్లాసు నిండా జనం పెదాలు కదుపుతుంటే, మధ్యలో వాడొక్కడే ఖాళీ తెరవంక చూస్తూ కూర్చున్నట్టు కళ్ళకి కట్టేది.

రెండో హెచ్చరిక వచ్చిన రాత్రి రెండూ పదికి మళ్ళీ దీపం ఆరింది.

ఆమె సెల్‌ఫోన్లో ఇంటర్నెట్ కంపెనీకి చేసింది. ఎప్పుడు చేసినా రాత్రిపూట ఎత్తేది ఒకతనే. ఈ నెల రోజుల్లో ఆమె అందరికన్నా ఎక్కువగా మాట్లాడింది ఆ ఫిర్యాదుల అతనితోనే.

“నేనండీ. మళ్ళీ పోయింది.”

“చెప్పండి మేడమ్. దీపం మిణుకుమంటోందా, పూర్తిగా ఆరిందా?”

“పూర్తిగా ఆరింది.”

అతను కీబోర్డు నొక్కుతున్న చప్పుడు. “మా వైపు మోడెం చక్కగా వెలుగుతోంది మేడమ్. లైను పోలేదు.”

“ప్రతిసారీ ఇదే చెప్తారు మీరు.”

“నిజం మేడమ్. సిగ్నల్ పోతే ఇలా పోదు. ఇది...” అని ఆగాడు. “ఇది మోడెం దగ్గర మీ తీగ ఎవరో పీకేస్తే పోయినట్టు పోతోంది.”

ఆమె గోడవంక చూసింది.

“ఒక్క నిమిషం ఉండండి. ఆ మోడెంకి ఏమేం తగిలించి ఉన్నాయో ఇక్కడినుంచి కనపడుతుంది. ఇదివరకు చూడాలని తోచలేదు...” మళ్ళీ టకటక. ఆ తరవాత చాలాసేపు ఏమీ లేదు.

“ఉన్నారా?” అందామె.

“ఉన్నాను మేడమ్. మీ కంప్యూటర్ లేదు ఇందులో. దాని బదులు వేరేది తగిలించి ఉంది. దానికి పేరు కూడా పెట్టుకున్నారు.”

“ఏం పేరు?”

“‘మాస్టారు’ అని ఉంది మేడమ్.”

గోడవతల టకటక సాగుతూనే ఉంది.

“ఎవరండీ మాస్టారంటే?” అన్నాడతను.

“రెండేళ్ళ కిందట పోయారు” అంది.

“మేడమ్... నేనిక్కడ రాత్రంతా ఒక్కణ్ణే ఉంటాను. ఇలాంటివి చెప్పకండి.” కాస్త ఆగి, “మీరు వెళ్ళి చూడొద్దు. పొద్దున మనిషిని పంపిస్తాను” అన్నాడు.

పొద్దునకి ఆమె పని ఉండదు. అది అతనికి తెలీదు. ఆ గోడవతలకన్నా, మాటే లేని పగళ్ళూ, మాటే లేని రాత్రుళ్ళూ ఆమెకి ఎక్కువ భయం.

“మీరు ఫోను పెట్టకుండా ఉంటే చాలు” అంది. లేచింది.

వెనక గదికి మేడ వెనకవైపు మెట్లమీదుగా వేరే తలుపు ఉంది. వరండా దాటి మలుపు తిరగాలి. చెప్పులు వదిలేసింది. వరండాలో దీపం లేదు. చేత్తో గోడ తడుముకుంటూ నడిచింది. నడుస్తున్నకొద్దీ ఆ చప్పుడు దగ్గరైంది... టకటక... టకటక...

మలుపు తిరిగింది.

తాళం గొళ్ళేనికి వేలాడుతోంది — తీసి ఉంది. తలుపు కిందనుంచి సన్నగా నీలం వెలుగు.

“మేడమ్?” అని ఫోనులో గుసగుస. ఆమె తలుపు మీద చెయ్యి వేసింది. చెయ్యి తగిలీ తగలకముందే టకటక ఆగిపోయింది.

తోసింది.

బల్లమీద కంప్యూటర్ వెలుగుతోంది. దాని ముందు చక్రాల కుర్చీ... ఖాళీగా ఉంది. ఖాళీ కుర్చీ కొంచెం ఇటు తిరిగి ఉంది, ఎవరో ఇప్పుడే లేచినట్టు.

గది ఆ మూల మంచం మీద, కంప్యూటర్‌కి వీపు పెట్టి ఎవరో కూర్చుని ఉన్నారు. తలమీదుగా శాలువా. గోడవైపు మొహం.

టైపమ్మ గడప మీదే నిలిచిపోయింది.

శాలువా నెమ్మదిగా కదిలింది. మొహం ఇటు తిరిగింది. గడ్డం కిందనుంచి పచ్చగా వెలుగు పడుతున్న మొహం.

“తలుపు వెయ్యమ్మా” అంది ఆ మనిషి, గుసగుసగా. “కింద మా బావగారికి మెలకువ వస్తుంది.”

మాస్టారి భార్య. డాబా మీద బట్టలారేస్తూ కనపడేది, పలకరిస్తే తల ఊపి వెళ్ళిపోయేది. మొహం మీది ఆ వెలుగు చేతిలోని సెల్‌ఫోనుది.

టైపమ్మ తలుపు మూసి దానికే చేరగిలబడింది. ఫోనులోకి, “మనిషే... మనిషేనండీ. రేపు మాట్లాడతాను” అని పెట్టేసింది. “ఏం చేస్తున్నారు పిన్నిగారూ ఇక్కడ?”

ఆవిడ దాచే ప్రయత్నం చెయ్యలేదు. సెల్‌ఫోను ఇటు చాపి చూపించింది. మెసేజీలు పంపుకునే చోట మాస్టారి పేరు. పేరు పక్కన చిన్న ఆకుపచ్చ చుక్క.

“కంప్యూటర్ వేసి తీగ తగిలిస్తే ఇది వెలుగుతుంది. ఆయన ఉన్నప్పుడు నేను పక్కగదిలో పడుకుని ఇది చూసుకునేదాన్ని. ఇంకా మేలుకునే ఉన్నారన్నమాట అనుకుని నిద్రపోయేదాన్ని.” ఫోను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. “నిద్ర పట్టిన రాత్రి రానమ్మా. పట్టనప్పుడే వస్తాను. తాళంచెవి నా దగ్గరుందని వాళ్ళకి తెలీదు.”

“మరి అటు తిరిగి కూర్చున్నారేం?”

“ఇటు చూస్తే కుర్చీ ఖాళీ కదా.”

ముందు అద్దెకున్న నలుగురూ ఈవిడకి భయపడి పోయారు. నెల రోజులుగా తనూ భయపడింది. టైపమ్మ ఆవిడ పక్కన మంచంపట్టె మీద కూర్చుంది.

“కంప్యూటర్ కూడా నేర్చుకున్నారన్నమాట” అంది, ఏదో ఒకటి అనాలని. “బాగానే టైపు చేస్తున్నారు.”

“నాకు టైపేం వచ్చమ్మా. నాలుగంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. అది నొక్కి వచ్చి ఇక్కడ కూర్చుంటాను, అంతే.” ఆవిడ చిన్నగా నవ్వింది. “టకటక నీ గదిలోంచి కదా వస్తుంది. అది వింటుంటే ఆయన పనిచేసుకుంటున్నట్టే ఉంటుంది నాకు. కళ్ళు మూతలు పడతాయి.”

నెట్ పోయిన ప్రతిసారీ తన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది టైపమ్మ. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి మింగేసింది.

కుర్చీవైపు మాత్రం చూడలేదు.

“పిన్నిగారూ, ఆ తీగ నాది” అని, తన పనేమిటో, ఆ కుర్రాడెవరో రెండు ముక్కల్లో చెప్పింది. ఆవిడ వింటూ వింటూ మంచం మీంచి లేచేసింది.

“అంటే నేను పీకినప్పుడల్లా... ఆ పిల్లాడికి వినపడకుండా పోతోందా?”

టైపమ్మ తలొంచుకుంది.

“ముందే చెప్పొద్దూ” అంటూ ఆవిడ గబగబా బల్ల దగ్గరికి నడిచింది. నడుస్తూనే మాస్టారి తీగ లాగేసింది. పక్కన పడి ఉన్నది అందుకుని, చీకట్లో రెండుసార్లు తప్పి, మూడోసారి దూర్చింది. మంచం మీద సెల్‌ఫోన్లో ఆకుపచ్చ చుక్క కాసేపుండి బూడిదరంగుకి మారింది. ఆవిడ దాన్ని చూసింది.

“పో అమ్మా. పిల్లాడు కాసుకుని ఉంటాడు” అంది.

మర్నాడు పొద్దున్నే కంపెనీనుంచి కాగితం వచ్చేసింది. మూడోసారి. ఇక పని లేదు.

టైపమ్మ దాన్ని చదివి, మొహం కడుక్కుని బజారుకెళ్ళింది. ఒక తీగని నాలుగు తీగలుగా పంచే చిన్న డబ్బా ఉంటుందని ఫిర్యాదుల అతను తెల్లవారుజామున ఫోనులో చెప్పాడు. అది కొనుక్కొచ్చి, ఇంటాయన భోజనం చేసి పడుకున్నాక, ఆవిడతో కలిసి వెనక గదిలో పెట్టింది. మోడెంలోంచి ఒకటి డబ్బాలోకి, డబ్బాలోంచి ఒకటి మాస్టారి కంప్యూటర్‌కి, ఒకటి తనకి. రెండు దీపాలూ వెలిగాయి. పని పోయాక తనకి తీగెందుకో ఆమెకే తెలీదు. ఆవిడకైనా చుక్క వెలుగుతుంది కదా అనుకుంది.

సాయంత్రం కూర్చుని ఆ కుర్రాడికి ఒక ఉత్తరం రాసింది. రేపట్నుంచి నేను రాను, మధ్యమధ్య ఆగిపోయి నిన్ను ఇబ్బంది పెట్టాను, క్షమించు — అని.

పది నిమిషాల్లో జవాబొచ్చింది.

‘ఆగడమేమిటి? ఎప్పుడూ ఆగలేదే. చెయ్యి మారేది, అంతేగా. మీరు అలిసిపోయినప్పుడు మీ బదులు రాసే ఆయన ఉన్నారు కదా. మీ అంత వేగం లేదు ఆయనకి, కానీ లెక్కలు బాగా తెలిసినాయన. ఆయన కూడా రారా ఇంక? మీ కంపెనీకి నేను రాస్తాను. పాఠాలన్నీ దాచుకున్నాను, ఎక్కడా ఒక్క నిమిషం ఖాళీ లేదు. చూడండి.’

కింద ఆ పాఠాలు. ఆమె టైములు రాసుకున్న నోటుపుస్తకం తెచ్చుకుని పక్కన పెట్టుకుంది. మొదటి రాత్రి, రెండూ ఐదు. తన చివరి మాట సగంలో తెగింది. ఆ సగం మాటని పూర్తి చేస్తూ... తరవాతి వరస మొదలైంది.

ఆమె లేచి గదిలో దీపాలన్నీ వేసింది. మళ్ళీ వచ్చి కూర్చుని చివరిదాకా చదివింది.

కంపెనీవాళ్ళు రెండు రోజులు తల బద్దలుకొట్టుకుని, తమ యంత్రమే తప్పు చూపించిందని తేల్చుకుని, ఆమె పని ఆమెకిచ్చేశారు. ఆ డబ్బా పెట్టాక నెట్ మళ్ళీ పోలేదు. చెయ్యి మారాల్సిన అవసరమూ రాలేదు.

పని తిరిగొచ్చిన రాత్రి, క్లాసుకి ఇంకా గంట ఉండగా, ఆమె ఆ పాఠాలు కాగితాల మీద తీసి వెనక గదికి తీసుకెళ్ళింది. చెప్పాలా వద్దా అని మలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. చివరికి లోపలికెళ్ళి మంచంపట్టె మీద కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

మాస్టారి భార్య భయపడలేదు. ఏడవలేదు కూడా. కాగితాలు చేతిలోకి తీసుకుని వాటిమీద అరచెయ్యి పెట్టింది.

“కళ్ళజోడు కింద ఉండిపోయింది. ఎక్కడిదైనా ఒకటి చదువు” అంది.

టైపమ్మ చదివింది. “‘ఇక్కడ మీ టీచరుగారు గుర్తు తప్పుగా వేశారు. మైనస్ ఉండాలి. తొందరపడకుండా మొదటినుంచి ఒకసారి వేసి చూడు. అర్థమైందా?’”

ఆవిడ అరచెయ్యి ఆ వరస మీదికి జరిపింది.

“ప్రతి లెక్కకీ అడిగేవారు అలా” అంది. “బళ్ళో ఒక్క పిల్లాడూ పలికేవాడు కాదట. ముప్ఫై ఏళ్ళు గోడకి చెప్పినట్టు చెప్పానే అని ఇంటికొచ్చి బాధపడేవారు.” ఆగింది. “ఈ అబ్బాయి... పలికాడా?”

టైపమ్మ కాగితాల మీద వేలు పెట్టి, ప్రతి ‘అర్థమైందా?’ కిందా కుర్రాడు టైపు చేసిన మాట ఉందేమోనని ఒక్కొక్కటే తిప్పి చూసింది.

“పలికాడు పిన్నిగారూ” అంది. “ప్రతిసారీ.”